సరిహద్దు ఊళ్లకు మళ్లీ జనం వస్తారా? రోడ్డు ఒక్కటే వేస్తే సరిపోదు!

చైనా సరిహద్దులో ఖాళీ అవుతున్న ఊళ్లను నిలబెట్టాలని కేంద్రం వేల కోట్లు ఖర్చు పెడుతోంది. రోడ్లు పడుతున్నాయి, సెల్ టవర్లు లేస్తున్నాయి. మరి తాళం వేసి వెళ్లిపోయిన వాళ్లు తిరిగి వస్తారా? అసలు చిక్కు ఎక్కడుంది?

'చివరి ఊరు' కాదు.. 'మొదటి ఊరు'

ఉత్తరాఖండ్‌లో బద్రీనాథ్ దాటాక వచ్చే మాణా గ్రామాన్ని ఎన్నో ఏళ్లు 'దేశంలో చివరి ఊరు' అనేవారు. 2022 అక్టోబర్‌లో అక్కడికి వెళ్లిన ప్రధాని మోదీ, సరిహద్దులోని ప్రతి ఊరూ దేశానికి మొదటి ఊరేనన్నారు. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో 'వైబ్రంట్ విలేజెస్' పథకానికి కేబినెట్ ఓకే చెప్పింది. మొత్తం రూ.4,800 కోట్లు. ఇందులో రూ.2,500 కోట్లు రోడ్లకే. అరుణాచల్, సిక్కిం, ఉత్తరాఖండ్, హిమాచల్, లద్దాఖ్‌లలోని 2,967 గ్రామాలను గుర్తించి, తొలి విడతకు 662 ఎంచుకున్నారు. 2025 ఏప్రిల్‌లో రూ.6,839 కోట్లతో రెండో దశ కూడా ఓకే అయింది. మిగతా భూ సరిహద్దుల్లోని ఊళ్లు దీని కిందకు వస్తాయి.

ఎందుకింత తొందర?

అవతల టిబెట్ వైపు చైనా 600కు పైగా సరిహద్దు గ్రామాలు కట్టింది. జనాన్ని తీసుకొచ్చి స్థిరపరుస్తోంది. ఇవతల మన ఊళ్లు ఖాళీ అవుతుంటే భద్రతకు ఇబ్బందే. కొండల్లో గొర్రెలు కాసుకునేవాళ్లే చాలాసార్లు సైన్యానికి కళ్లూ చెవులూ. మనుషులు లేని చోట నేల మనదని చెప్పుకోవడమూ కష్టమే.

వెళ్లిపోయింది ఎందుకు?

ఉత్తరాఖండ్ వలసల కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2011 తర్వాత ఆ రాష్ట్రంలో 734 జనావాసాలు పూర్తిగా ఖాళీ అయ్యాయి. వాటిలో 14 అంతర్జాతీయ సరిహద్దుకు 5 కిలోమీటర్లలోపే ఉన్నాయి. ఊరు వదిలిన వాళ్లలో దాదాపు సగం మంది చెప్పిన కారణం.. ఉపాధి. ఆ తర్వాత పిల్లల చదువు, వైద్యం. పాలమూరు, శ్రీకాకుళం వలసలు చూసిన మనకు ఇది తెలియని కథ కాదు. పని లేని ఊరికి బస్సు వేస్తే, ఆ బస్సెక్కి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ!

సరిహద్దు ఊళ్లకు ఇంకో దెబ్బ కూడా ఉంది. 1962 యుద్ధంతో టిబెట్ వ్యాపారం ఆగిపోయింది. ఉన్ని, ఉప్పు అమ్ముకుని బతికిన కుటుంబాలకు ఆధారం పోయింది. ఉత్తరకాశీ జిల్లాలోని జాదుంగ్, నేలంగ్ ఊళ్లను అప్పుడే ఖాళీ చేయించారు. వాళ్లు కిందనున్న బగోరీ లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. ఇప్పుడు జాదుంగ్‌లో పాత ఇళ్లను హోమ్‌స్టేలుగా మారుస్తున్నారు.

మనం వెళ్లి ఉండొచ్చా?

వీడియోల్లో ఈ ఊళ్లు చూసి 'అక్కడే సెటిలైపోతే ఎంత బాగుంటుంది' అనుకునేవాళ్లు చాలామందే. కానీ అంత ఈజీ కాదు. అరుణాచల్‌లో అడుగుపెట్టాలంటే బయటివాళ్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఉత్తరాఖండ్ కూడా 2025లో చట్టం మార్చి, 13 జిల్లాల్లో 11 చోట్ల బయటివాళ్లు వ్యవసాయ భూమి కొనకుండా కట్టడి చేసింది. స్థానికుల నేల వాళ్ల చేతిలోనే ఉండాలన్నది ఉద్దేశం. అంటే ఈ ఊళ్లు నిండాలంటే కొత్తవాళ్లు రావడం కాదు, వెళ్లిన వాళ్లు తిరిగి రావాలి.

టూరిజం గట్టెక్కిస్తుందా?

కొంతవరకే. మాణానే చూడండి. చలికాలంలో బద్రీనాథ్ గుడి మూసేస్తారు, మాణా వాళ్లు కూడా కిందికి దిగిపోతారు. ఆరు నెలల ఆదాయంతో ఏడాది గడవాలి.

అందుకే ఏడాది పొడవునా కొనేవాడు ఉండాలి. ఆ కొనేవాడు పక్కనే ఉన్నాడు.. సైన్యం, ఐటీబీపీ. ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2024లో ఐటీబీపీతో ఒప్పందం చేసుకుంది. మేకలు, కోళ్లు, చేపలు స్థానిక రైతుల నుంచే కొంటారు. ఇలాంటివి మిగతా రాష్ట్రాల్లోనూ రావాలి. లిపులేఖ్, షిప్కీ లా, నాథూ లా దారుల్లో వ్యాపారం మళ్లీ మొదలుపెట్టాలని 2025 ఆగస్టులో భారత్, చైనా అంగీకరించాయి. అది నిజంగా ఊపందుకుంటే ఈ ఊళ్లకు పాత బతుకుదెరువు మళ్లీ దొరుకుతుంది.

ఇక చూడాల్సిన లెక్క ఎన్ని కిలోమీటర్ల రోడ్డు పడిందన్నది కాదు. బడికి టీచర్ వస్తున్నాడా? కాన్పుకు డాక్టర్ దొరుకుతున్నాడా? జనవరిలో ఎన్ని ఇళ్ల పొయ్యి వెలుగుతోంది? ఈ పథకం పాసా ఫెయిలా తేల్చేవి ఈ మూడే.