మొండి దోమకు విత్తనం వేసిందెవరు?

నాట్లు మొదలైతే మిర్యాలగూడ, కోదాడ ఆయకట్టు ఊళ్లలో పొద్దుగూకంగనే దోమలు ముసురుతాయి. పొద్దంతా బురదలో నడుం వంచి వచ్చిన కూలి మనిషికి కంటి నిండా నిద్ర ఉండదు. "మందు కొడుతనే ఉన్నరు, దోమ చావట్లేదు" అనే మాట సూర్యాపేట దాకా వినపడుతుంది. అధికారులను అడిగితే "మీ వాడలు శుభ్రంగా పెట్టుకోండి" అంటారు. అంటే తప్పంతా కూలోళ్లదే!

దోమ మందుకు అలవాటు పడిందనుకుంటాం. అది నిజం కాదు. ఏ కొద్ది దోమలకో పుట్టుకతోనే మందును తట్టుకునే గుణం ఉంటుంది. డి.డి.టి., పైరెత్రాయిడ్ మందులు రెండూ దోమ నరాల మీద ఒకే చోట దెబ్బ తీస్తాయి. ఆ చోటుకు సంబంధించిన జన్యువులో చిన్న మార్పున్న దోమకు ఆ దెబ్బ సరిగా తగలదు. కొన్ని దోమల ఒంట్లో విషాన్ని విరిచే రసాలు ఎక్కువ ఊరుతాయి. మందు కొడితే మిగతావి చస్తాయి, ఇవి మిగిలి పిల్లలు పెడతాయి. మనం గట్టి గింజ ఏరి విత్తనానికి దాచినట్టే, మందు మొండి దోమను ఏరి విత్తనానికి దాచింది.

ఇది పాత పాఠమే. 1958లో మలేరియా నిర్మూలన పేరుతో ఇంటింటికీ డి.డి.టి. కొట్టారు. 1960ల మధ్యకు దేశంలో ఏటా లక్ష కేసుల దాకా తగ్గిన మలేరియా, 1976లో 64 లక్షలు దాటింది. నిఘా సడలింది, దోమ డి.డి.టి.కి లొంగకుండా పోయింది. ఆ డి.డి.టి.నే పొలాల్లోనూ పోశారు. వ్యవసాయంలో దాన్ని నిషేధించింది 1989లో.

ఇప్పుడూ అదే తప్పు. 1967లో సాగర్ కాల్వలకు నీళ్లొచ్చి మెట్ట మాగాణి అయింది. ఆ కాల్వ మనకు అన్నం పెట్టింది, దాన్ని తిట్టం. కానీ మెదడువాపు జ్వరం తెచ్చే క్యూలెక్స్ దోమ వరి మడిలోనే పెరుగుతుంది. వరికి సుడిదోమ పడితే దుకాణంవాడు ఇచ్చిన పైరెత్రాయిడ్ కొడతారు. అది సాలీళ్లను చంపి సుడిదోమను ఇంకా పెంచుతుంది. మడిలోని కుట్టే దోమ పిల్లల్లో మొండివాటిని ఏరి మిగుల్చుతుంది. సర్కారు దోమతెరలకు పట్టించేదీ ఆ తరగతి మందే! 1987లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతును ముంచిన శనగపచ్చ పురుగు కూడా ఈ మందులకే లొంగలేదు.

మందు పనిచేసినా కంపెనీకి లాభమే, చేయకున్నా లాభమే. కొత్త డబ్బా అమ్ముకుంటుంది. కౌలు రైతుకు అప్పు. మూతికి గుడ్డ లేకుండా పంపు మోసిన కూలికి విషం, ఆ మీద జ్వరం, పోయిన కూలి.

కాబట్టి మనం అడగాల్సింది ఇదీ. ఏటా మన ఊళ్ల దోమలను పట్టి పరీక్ష చేయాలి. మందు పూసిన కాగితం దగ్గర గంటసేపు ఉంచి, 24 గంటల తర్వాత చచ్చినవి లెక్కపెట్టడమే ఆ పరీక్ష. నూటికి 90 కూడా చావకపోతే ఆ మందు చెల్లనట్టే. ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలి. చెల్లని మందు ఆపి వేరే తరగతి మందుకు మారాలి. ఒక తూము కింద అందరూ కలిసి మడి ఆరగట్టి నీరు పెట్టుకునేలా కాల్వ వంతులు కుదర్చాలి. మందు కొట్టే కూలికి తొడుగులు, అదనపు కూలి ఇవ్వాలి.

అప్పటిదాకా దోమతెర మానొద్దు. మందు చెల్లకున్నా చిరగని గుడ్డ అడ్డమే. కూలి రేటు కోసం కూడినట్టే దీనికోసం కూడా కూడుదాం. నిద్ర, ఆరోగ్యం కూడా కూలోడి హక్కే.