ఎదుగుదల – నిలుకడ

చెరకు రసం పాకానికి వచ్చే వేళ బెల్లం వండేవాని చూపు మంటమీదనే నిలుస్తుంది. మంట చాలకపోతే పాకం ముదరదు, హెచ్చితే మాడుతుంది. దింపవలసిన అదను తప్పితే అంతవరకు పడిన శ్రమ అంతా వ్యర్థమే. చిన్న వ్యాపారి ఎదుగుదల కూడా ఇటువంటిదే.

ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం చెరకు తోటల నడుమ ఉన్న ఊరు. చెంతనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం వెలసింది. ఇక్కడి పల్లెల బెల్లం దిమ్మలకు అనకాపల్లి విపణి పేరెన్నిక గన్నది. తీపితో బతుకు ముడివడిన ఈ సీమలో చిన్న వ్యాపారాలు పుట్టడం వింత కాదు. అవి ఎట్లా పెరుగుతాయి, ఎందుకు తడబడతాయి అన్నదే ఆలోచించదగిన విషయం.

నేనెరిగిన మిఠాయి వ్యాపారి ఒకరు ఒకే పొయ్యితో అంగడి ప్రారంభించారు. రుచి వల్ల పేరు, పేరు వల్ల గిరాకీ పెరిగాయి. ఆ ఉత్సాహంతో అప్పుచేసి పక్క పట్టణంలో రెండవ అంగడి తెరిచారు. ఏడాది తిరగకముందే ఒకనాడు నాతో, "మాస్టారూ! అమ్మకం రెట్టింపయింది. గల్లాపెట్టె మాత్రం ఖాళీ అయింది" అన్నారు. ఆ మాటలో ఎంతో అర్థమున్నది. నెయ్యి, జీడిపప్పు రొక్కమిచ్చి కొనాలి. పెళ్ళిళ్ళకు పంపిన సరుకు సొమ్ము నెలల తరువాత గాని రాదు. అమ్మకం పెరిగినకొద్దీ చేతి పెట్టుబడి అరువులో చిక్కుకొన్నది. పైగా ఆయన లేని అంగడిలో పాకం కుదరక, పాత ఖాతాదారులు మొగం చాటేశారు.

ఆయన అభిమానం చంపుకొని రెండవ అంగడి మూసివేశారు. పెద్ద బేరాలకు బయానా తీసుకోవడం, ఏనాటి లెక్క ఆనాడే రాయడం, ఇద్దరు కుర్రవాళ్ళకు పాకం మర్మం నేర్పడం అలవరచుకొన్నారు. రెండేళ్ళ తరువాత ఆ కుర్రవాళ్ళలో ఒకని చేతికే మరల తెరిచిన అంగడి తాళాలు అప్పగించారు. తొలిసారి ఆయన పెంచినది అంగళ్ళ సంఖ్యను. మలిసారి పెంచినది మనుషులను.

నేడు చిన్న వ్యాపారికి అండ కరవు కాలేదు. 2015లో వచ్చిన ముద్రా పథకం తొలుత 10 లక్షల రూపాయల వరకు రుణాలకు వీలు కల్పించింది. సూక్ష్మ, చిన్న సంస్థల నుండి సరుకు కొన్నవారు 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం నిర్దేశించింది. కాని, రావలసిన బాకీని గట్టిగా అడిగితే బేరం పోతుందేమోనన్న జంకు చట్టం ఒక్కటే తీర్చగలిగినది కాదు. అప్పు దొరకడం కన్న, ఎందుకు చేస్తున్నామో ఎరగడమే ముఖ్యం.

అట్లని ఎదగక ఉన్నచోటనే ఉండిపోవడం క్షేమమా? కాదు. పాత అంగడి పది మందికి పని చూపలేకపోతే పిల్లలు ఊరు విడిచిపోతారు. వారితోపాటే విద్య కూడా పోతుంది. చోడవరానికి చేరువలోని మాడుగుల ఈ విషయంలో మనకు మేలైన ఉదాహరణ. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, నేతితో వండే అక్కడి హల్వా తరతరాలుగా పేరు నిలుపుకొన్నది. అంగళ్ళు పెరిగాయి, సరుకు దూరదేశాలకు చేరుతున్నది. అయినా గోధుమపాలు పులిసే గడువును ఎవరూ తొందరపెట్టలేరు. తగ్గించరానిదేదో తెలిసినవాడే పెంచదగినదేదో తెలుసుకోగలడు.

పెరిగినది విరుగుతుందని పెద్దలు హెచ్చరించారు. వేరు చాలని పెరుగుదలకే ఆ మాట వర్తిస్తుందని నా అభిప్రాయం. లెక్కలో నిజాయితీ, సరుకులో నాణ్యత, పనివారిపై నమ్మకం – వ్యాపారానికి ఈ మూడే వేళ్ళు. విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఉద్యోగం కోరక, సొంత అంగడి తెరవవచ్చు. ఆనాడు ఎంత ఎత్తుకు పెరిగామన్న ప్రశ్నకు ముందు, ఎంత లోతుకు పాతుకొన్నామని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.