ఇరవై రెండా? ఇరవై నాలుగా?

ఒకప్పుడు సైకిలు కొనడం ఎంత సుఖం! నాన్న వెంట షాపుకి వెళ్తే యజమాని అడిగే ప్రశ్న ఒక్కటే. 'ఇరవై రెండా? ఇరవై నాలుగా?' హీరోనా, అట్లాసా, హెర్క్యులెసా అన్నది ఇంటి ఆనవాయితీని బట్టి ముందే తేలిపోయేది. రంగు గురించి పెద్ద చర్చ ఉండేది కాదు. నలుపు, లేదంటే ఆకుపచ్చ. కారియరు, స్టాండు, బెల్లు బిగించి, హ్యాండిల్‌కి పసుపూ కుంకుమా పెట్టి ఇచ్చేవాళ్లు. ఇంటికి తొక్కుకుంటూ రావడమే!

ఇప్పుడు సైకిల్ షాపులోకి అడుగుపెట్టి చూడండి. కార్బనా, అల్లాయా? డిస్కు బ్రేకా, రిమ్ము బ్రేకా? క్లారిసా, సోరానా, టియాగ్రానా? వినేవాడికి ఇవి సైకిలు భాగాల్లా ఉండవు, ఏదో సినిమాలో తారాగణంలా ఉంటాయి. పైగా కొనేది పదో తరగతి కుర్రాడు కాదు. నలభై దాటిన పెద్దమనిషి. మొన్నటి రక్తపరీక్షలో షుగర్ గీత దాటింది. నడకేమో విసుగు. ఆఫీసులో ఒకాయన ప్రతి ఆదివారం ముప్ఫై కిలోమీటర్లు తొక్కొచ్చి ఫొటోలు పెడుతున్నాడు. 'నేనూ ఒకటి కొంటే...' అన్న ఆలోచన వచ్చేసింది. ముందుకి వంగిన హ్యాండిలూ సన్నని టైర్లూ ఉండే రోడ్ బైకే కావాలి. మరి ఏది కొనాలి?

2020 లాక్‌డౌన్ తర్వాత ఇలా కొన్న సైకిళ్లలో చాలా వాటి సంగతి అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోకి తొంగిచూస్తే తెలుస్తుంది. వాటి మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి. ఇంట్లోవాళ్లు 'బద్ధకం' అంటారు కానీ అన్నిసార్లూ అది నిజం కాదు. మూడో ఆదివారానికి మెడ పట్టేస్తుంది. అరచేతులు తిమ్మిరెక్కుతాయి. నాలుగో ఆదివారం అలారం మోగినా లేవబుద్ధి కాదు. పాపం, ఆయన శరీరం 'ఈ సైకిలు నాది కాదు' అని చెబుతోందన్నమాట!

అందుకే పాత షాపు యజమాని ప్రశ్నే ఇప్పటికీ మొదటి ప్రశ్న. ఆ ఇరవై రెండూ, ఇరవై నాలుగూ ఏమిటనుకున్నారు? ఫ్రేము ఎత్తు, అంగుళాల్లో. మనిషిని కింది నుంచి పైకి ఓసారి చూసి సైజు తేల్చేవాడాయన. మనమేమో ఇప్పుడు గేర్లతో మొదలుపెట్టి, సైజుని చివర్లో, అదీ స్టాకులో ఉన్నదాన్ని బట్టి తేలుస్తున్నాం.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. ఒక అట్టపుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎక్కడ తగులుతుందో అక్కడిదాకా పైకి లాగండి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు ఎన్ని సెంటీమీటర్లో ఇంట్లోవాళ్లని కొలవమనండి. దాన్ని 0.67తో గుణిస్తే రోడ్ బైకు ఫ్రేము సైజు సుమారుగా వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లనుకోండి, 53.6... అంటే 54 సైజు. ఇది మొదటి అంచనా మాత్రమే. ఒక కంపెనీ 54, మరో కంపెనీ 54 ఒకేలా ఉండవు. కొందరు అంకెలు మానేసి ఎస్, ఎమ్, ఎల్ అని చొక్కాల్లా పెడుతున్నారు. ఆయా కంపెనీ పట్టికతో పోల్చుకోవాల్సిందే.

తర్వాత షాపులో ఎక్కి చూడాలి. పై కడ్డీకి రెండు వైపులా కాళ్లు వేసి నిలబడితే మధ్యలో అంగుళమో, రెండంగుళాలో ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమని పెడల్ మీద పెట్టి కిందికి నొక్కితే కాలు తిన్నగా సాగాలి. మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. చేతులు హ్యాండిల్ మీద ఉన్నప్పుడు మోచేతులు కొంచెం వంగాలి. కర్రల్లా బిగుసుకుపోతే మీకు, హ్యాండిల్‌కి మధ్య దూరం ఎక్కువైందన్నమాట. సీటు ఎత్తు నిమిషంలో మార్చొచ్చు కానీ ఈ దూరాన్ని పెద్దగా మార్చలేం. 'సీటు దించేస్తే సరిపోతుంది సార్' అంటాడు షాపు కుర్రాడు. సరిపోదు!

ఈ మాట ఆడవాళ్లకి మరీ ముఖ్యం. అయిదడుగుల ఎత్తున్నవాళ్లకి పనికొచ్చే చిన్న సైజులు షాపుల్లో తరచూ ఉండవు. ఉన్నదేదో అంటగట్టేస్తారు. వారం పది రోజులు ఆలస్యమైనా సరే, సరైన సైజు తెప్పించమని పట్టుబట్టండి. బ్రేకు పిడికి వేళ్లు అందుతున్నాయో లేదో కూడా చూసుకోండి. చాలా పిడుల్ని చిన్న మర తిప్పి హ్యాండిల్‌కి దగ్గరగా జరపొచ్చు. అడిగితేనే చేస్తారు.

అన్నట్టు, మీకు నిజంగా రోడ్ బైకే కావాలా? ఈ ప్రశ్న ఏ షాపువాడూ అడగడు, ఇంట్లోవాళ్లే అడగాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు ఆగకుండా పోవాలనుంటే రోడ్ బైకుని మించింది లేదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో, సోలార్ పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అలాంటి దారులకి ఇది పుట్టిన సైకిలు. అలాకాకుండా ఆఫీసుకి వెళ్లాలి, దారిలో కూరలు తేవాలి, సందుకో స్పీడ్ బ్రేకర్ దాటాలి అంటే తిన్నని హ్యాండిల్ ఉండే హైబ్రిడ్ సైకిలే హాయి. ధర కూడా తక్కువ. మెడకో, నడుముకో పాత నొప్పులున్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగి ఆ తర్వాతే షాపుకి వెళ్లాలి.

సరే, రోడ్ బైకే అని తేల్చుకున్నారు. వాటిలోనూ రెండు రకాలున్నాయి. పందేలకోసం చేసినవాటిలో హ్యాండిల్ బాగా కిందికి ఉంటుంది. చూడ్డానికి భలే ఉంటాయి, కానీ పాతికేళ్ల నడుము కావాలి. రెండోది 'ఎండ్యూరెన్స్' రకం. హ్యాండిల్ కాస్త ఎత్తులో, దగ్గరగా ఉంటుంది. కొత్తవాళ్లు కళ్లు మూసుకుని రెండోదానికే వెళ్లాలని నా ఓటు.

గేర్ల దగ్గర చాలామంది బోల్తా పడేది అంకెల వల్ల. 21 గేర్లున్న సైకిలు 16 గేర్లదానికంటే గొప్పదేం కాదు. క్లారిస్ అంటే వెనక ఎనిమిది చక్రాలు, సోరా అంటే తొమ్మిది, టియాగ్రా అంటే పది. అన్నీ షిమానో కంపెనీవే, మెట్టు మెట్టుకీ కాస్త నునుపుదనం పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. మొదటి సైకిలుకి క్లారిస్ ఏమాత్రం తక్కువ కాదు. అసలు అడగాల్సింది 'ఎన్ని గేర్లు' అని కాదు, 'అన్నిటికన్నా తేలిక గేరు ఎంత' అని. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 32 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిలు దాదాపు 2.2 మీటర్లు కదులుతుంది. అదే ముందు 39, వెనక 25 అయితే 3.3 మీటర్లు కదులుతుంది. ఎక్కువ కదలడం మంచిదేగా అంటారా? బంజారాహిల్స్ ఎత్తులోనో, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్‌లోనో మోకాళ్లనే అడగండి, అవి చెబుతాయి.

టైర్ల సంగతికొస్తే... మన రోడ్లు మనకి తెలియనివా? టైరు పక్కన 700x25, 700x28, 700x32 అని రాసుంటుంది. చివరి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. సన్నగా ఉంటే వేగం వస్తుందన్నది పాత నమ్మకం. ఇప్పుడు పందేలవాళ్లే 28కీ, ఆ పైకీ మారిపోయారు. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువ కొట్టొచ్చు, కుదుపు తగ్గుతుంది, గుంతలో పడ్డా రిమ్ము దెబ్బతినే ప్రమాదం తక్కువ. కొనేముందు 'ఈ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుంది?' అని అడగండి. 28 పట్టకపోతే నేనైతే వద్దనే అంటాను. 32 పడితే ఇంకా మంచిది. డిస్కు బ్రేకులున్నవాటిలో ఆ చోటు ఎక్కువ ఉంటుంది, పైగా వానలో బాగా పట్టుకుంటాయి. రిమ్ము బ్రేకులూ చెడ్డవేం కాదు, బరువూ ధరా తక్కువ, బాగుచేయడం తేలిక. ఎంత వెడల్పు టైరున్నా, దారి పొడవునా నిలువుగా సందులుండే మురుగుకాలువ జాలీల దగ్గర మాత్రం పక్కకి తప్పుకోవాల్సిందే.

ఇక బరువు. ఒక వేలితో సైకిలుని ఎత్తి చూపించడం షాపువాళ్లకి సరదా. ప్రారంభ స్థాయి రోడ్ బైకులు పది, పదకొండు కిలోలుంటాయి. ప్రపంచస్థాయి పందేల్లో సైకిలు 6.8 కిలోలకంటే తక్కువ ఉండకూడదన్నది నిబంధన. ఆ తేడాలో ఒక్కో కిలో తగ్గించడానికీ వేలకి వేలు పొయ్యాలి. ముప్పావు లీటరు నీళ్ల సీసాలు రెండు తగిలిస్తే కిలోన్నర తిరిగి వచ్చేస్తుంది. మన పొట్ట మాట ఎందుకులెండి! వేగం గురించి కూడా అంత బెంగ అక్కర్లేదు. దూరప్రయాణాల సైక్లిస్టులు 'బ్రెవే' అని ఒకటి చేస్తారు. 200 కిలోమీటర్లకి గడువు 13 గంటల 30 నిమిషాలు. లెక్కేస్తే గంటకి పదిహేను కిలోమీటర్లు కూడా కాదు.

ఆ బరువుకోసం పెట్టే డబ్బుకి వేరే పనులున్నాయి. ఇంటికి తెచ్చిన రోజునే ఇల్లాలు అడుగుతుంది, 'ఏమండీ, ఇంత పోసి కొంటే స్టాండు కూడా లేదేంటండీ?' అని. స్టాండే కాదు, చాలాసార్లు బెల్లు, లైట్లు, మడ్‌గార్డులు, సీసా పెట్టుకునే చట్రం కూడా ఉండవు. ఖరీదైనవాటికైతే పెడల్సే ఉండవు! కాబట్టి అనుకున్న బడ్జెట్‌లో అయిదో వంతు పక్కన పెట్టి మిగిలినదాంట్లోనే సైకిలు చూడండి. ఆ అయిదో వంతులో ముందు హెల్మెట్, ముందుకి తెల్లలైటు, వెనక ఎర్రలైటు కొనాలి. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరేవాడు లారీ డ్రైవర్‌కి కనిపించడం కంటే ముఖ్యమైంది ఏముంది? ఇవి 'తర్వాత కొందాం' అనుకునే వస్తువులు కావు. ఆ తర్వాత తాళం, గాలిపంపు, మెత్త ఉన్న నిక్కరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 40 వేల రూపాయలుండే సైకిలు మీద 2,800 రూపాయలు మిగిలినట్టు. అందులో మంచి హెల్మెట్ వచ్చేస్తుంది.

బడ్జెట్ చాలకపోతే సెకండ్ హ్యాండ్ తప్పేం కాదు. బాల్కనీల్లో తువ్వాళ్లు మోస్తున్నవి ఉన్నాయిగా! సైజు కుదిరితేనే చూడండి. అతుకుల దగ్గర పగుళ్లున్నాయేమో వెలుగులో పరీక్షించండి. చక్రం ఎత్తి తిప్పితే అటూ ఇటూ ఊగకూడదు. పిల్లల స్కూలు స్కేలు ఒకటి పట్టుకెళ్లండి. చైను పిన్నుల మధ్య దూరం సరిగ్గా అరంగుళం ఉంటుంది, అంటే ఇరవై నాలుగు సందులకి పన్నెండు అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే చైను అరిగిపోయినట్టే. కొత్త చైను వేయించే ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు. కార్బన్ ఫ్రేము మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దు. లోపలి దెబ్బ పైకి కనబడదు.

చివరిగా పంక్చర్ షాపు. రోడ్ బైకు ట్యూబుకి 'ప్రెస్టా' వాల్వు ఉంటుంది, సన్నగా, పొడుగ్గా. పైనున్న చిన్న మర విప్పితేగానీ గాలి ఎక్కదు. వీధి చివరి షాపులోని పంపు దానికి పట్టదు. 'ఇదేం వాల్వు సార్' అని ఆయన తల గోక్కుంటాడు. ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని వాల్వుకి తగిలిస్తే ఆ పంపుతోనే గాలి కొట్టేయొచ్చు. వేలి గోరంత ఉంటుంది, కొంటే రెండు కొనండి, ఒకటి ఎలాగూ పోతుంది. స్పేర్ ట్యూబు, రెండు ప్లాస్టిక్ టైరు లివర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో పెట్టుకోండి. ట్యూబు మార్చడం కొన్న రోజునే షాపులో ఒకసారి చేసి చూపించమనండి, రెండోసారి వాళ్ల ముందే మీరు చేయండి. వెనక చక్రం విప్పేముందు చైనుని అన్నిటికన్నా చిన్న చక్రం మీదికి తెచ్చుకుంటే పని సగం తగ్గుతుంది.

నాలుగైదు వారాలు తొక్కాక గేర్లు ఒకచోట వేస్తే మరోచోట పడుతుంటాయి. సైకిలు చెడిపోయిందని కంగారుపడకండి. కొత్త కేబుళ్లు సర్దుకుంటాయి, అంతే. మొదటి సర్వీసు చాలా షాపులు ఉచితంగానే చేస్తాయి. బిల్లు జాగ్రత్తగా దాచి, ఆ వారంలోనే తీసుకెళ్లండి.