చీటీ డబ్బులా, ప్లగిన్నా?

అక్కచెల్లెళ్లూ, మా గుమ్మలక్ష్మీపురంలో మరిదికి ఫోటో స్టూడియో ఉంది. "వదినా, ఫోటోషాప్‌కి మొహాలు నునుపు చేసే ప్లగిన్ కొంటాను. నీ చీటీ డబ్బులు సర్దుతావా?" అన్నాడు. ప్లగిన్ అంటే మిక్సీకి అదనంగా కొనే జార్ లాంటిదట.

"ముందు ట్రయల్ వాడి చూడు" అన్నాను. ఓ పెళ్లి ఫోటోలు దిద్దాడు. పని తొందరగానే అయింది. కానీ పెళ్లికూతురి నాయనమ్మ నుదుటి పచ్చబొట్టు మాయం! "ఈవిడ మా అమ్మేనా?" అన్నాడట పెళ్లికూతురి తండ్రి.

కొనేముందు మూడు చూడండి. ఎంత సమయం కలిసొస్తుంది? డబ్బు ఒకసారి కట్టాలా, ఏటేటానా? ఉచితంగా దొరికేది సరిపోదా? జింప్, దానికి తగిలించే జీమిక్ ఉచితమే. అలాగని ఊరికే ఇచ్చేవన్నీ అలాగే ఉండిపోవు. నిక్ కలెక్షన్‌ను గూగుల్ 2016లో ఉచితం చేసింది. 2017లో డీఎక్స్‌ఓ కొన్నాక మళ్లీ ధర పెట్టారు.

మరిది ఇప్పుడు చేత్తోనే దిద్దుతున్నాడు. చీటీ డబ్బులు నా డబ్బాలోనే ఉన్నాయి. మీరైతే ఏం చేసేవారు?