బల్బు మార్చకండి, ముందు పొర తీయండి

మొన్న రాత్రి సెంటర్లో వడ్లు దింపి నా పాత పికప్ బండిలో ఇంటికి వస్తున్నా. రోడ్డు మీద వడ్ల కుప్ప, దాని మీద నల్ల టార్పాలిన్, చుట్టూ రాళ్లు. బాగా దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. బ్రేకు తొక్కితే రాయికి జానెడు దూరంలో ఆగింది. కుప్ప పోసినోడిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నా. ఇంటికొచ్చి లైట్లు వేసి ముందు నిలబడితే సిగ్గేసింది. హెడ్‌లైట్లు పచ్చగా, పొగబట్టిన లాంతరు చిమ్నీల్లా ఉన్నాయి.

పొద్దున కరెంటు మెకానిక్ దగ్గరికి పోతే ఒకటే మాట: "ఎల్ఈడీ వేద్దాం అన్నా, పగల్లాగ ఉంటది." మన ఊళ్లో సగం బండ్లకు అదే వైద్యం. నేను ఒప్పుకోను. కంటికి పొర వస్తే పొర తీయించుకుంటాం గానీ ఇంట్లో పెద్ద బల్బు పెట్టుకుంటామా? పొర ఉన్న లెన్స్ వెనక ఎంత పెద్ద బల్బు పెట్టినా వెలుతురు ముందుకు పోదు, చెల్లాచెదురవుతుంది. మనకు రోడ్డు కనపడదు, ఎదురొచ్చే బైకోడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ బైకోడు రాత్రి మోటారు వేయడానికి పోయే మన పక్క చేను రైతే. 60/55 వాట్ల బల్బు తీసి 100/90 పెడితే వైరింగ్, హోల్డరు కూడా వేడెక్కి కాలిపోతాయి.

ఇప్పటి లెన్సులు గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. దాని మీద కంపెనీ ఒక రక్షణ పూత వేస్తుంది. ఏళ్ల తరబడి ఎండ తగిలి ఆ పూత చచ్చిపోతుంది, తర్వాత ప్లాస్టిక్కే పసుపెక్కుతుంది. పాత ట్రాక్టర్లవి గాజు అద్దాలు, వాటికి ఈ జబ్బు రాదు. అవి మసకగా ఉంటే లోపలి రిఫ్లెక్టర్ చూసుకోండి.

"టూత్‌పేస్ట్ రుద్దితే చాలు" అనేవాళ్లకు ఒక మాట. రుద్దిన రోజు మెరుస్తుంది, నిజమే. కానీ చచ్చిన పూత పూర్తిగా పోదు, కొత్త పూత పడదు. కొన్నాళ్లకే మళ్లీ మొదటికి వస్తుంది. కలుపు మొక్కను వేరు ఉంచి పైన కోసినట్టు.

సరైన పద్ధతి ఇది. లైటు కడిగి, చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు అంటించండి. 600 లేదా 800 వాటర్ పేపర్‌తో, నీళ్లు పోస్తూనే రుద్దండి. మొదట పసుపు నీళ్లు కారతాయి. అవి తెల్లగా పాలలా మారేదాకా ఆపొద్దు, అప్పుడే పాత పూత పోయినట్టు. తర్వాత 1000, 1500, 2000. పేపరు మార్చినప్పుడల్లా అడ్డం నిలువు మార్చి రుద్దితే వెనకటి గీతలు పోతాయి. ఇప్పుడు లైటు మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది, భయపడకండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. థిన్నరు, పెట్రోలు ముట్టించొద్దు, ప్లాస్టిక్ చిట్లుతుంది. ఆఖరున ఎండను ఆపే క్లియర్ కోట్, పల్చగా రెండు మూడు సార్లు, మధ్యలో ఆరనిచ్చి. కోతల దుమ్ములో కాదు, గాలి లేని పూట చేయండి.

హార్డెనర్ కలిపే క్లియర్ గట్టిగా ఉంటుంది, కానీ ఆ ఆవిరి ఊపిరితిత్తులకు విషం. పురుగుమందుకే మాస్కు కట్టుకోని మనం దీన్ని ఇంట్లో కొట్టొద్దు. రుద్దడం మనం చేసుకుని, పూత పెయింటింగ్ షెడ్డులో వేయించుకుందాం. కొత్త లైట్ల జత కొనడం కన్నా ఇది చవకే.

"రాత్రి ఎంత తిరుగుతాం అన్నా" అంటారు. కోతల కాలంలో మనం తిరిగేదే రాత్రి. సెంటర్లో తూకం అయ్యేసరికి ఎన్ని గంటలవుతుందో మీకు తెలీదా?

కుప్ప పోసినోడిని వదిలేయమనట్లేదు. నేనూ రోడ్డు మీద ఆరబోసినోడినే, ఈసారి నుంచి మానేస్తున్నా. రిఫ్లెక్టర్ స్టిక్కరు లేని ట్రాలీలదీ అదే తప్పు. కానీ ఎదుటోడి తప్పు కనపడాలన్నా ముందు మన లైటు వెలగాలి. ఈ ఆదివారం ఒక పూట, నాలుగు వాటర్ పేపర్లు, ఒక బకెట్ నీళ్లు. అంతకన్నా తక్కువ ఖర్చుతో ఇంటికి క్షేమంగా చేరే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వింటాను.