ఆ రాత ఆ పిల్లదే

పిల్లల చదువు గురించి, తిండి గురించి, రక్షణ గురించి మనం ఎన్నో కరపత్రాలు వేశాం. తాము రాసినదాని మీద వాళ్లకున్న హక్కు గురించి మాత్రం ఎక్కడా చదివిన గుర్తు లేదు.

నల్లకుంట నుంచి తార్నాక దాకా బస్తీల్లో సాయంత్రం పూట నడిచే సెంటర్లు నేను చూస్తూనే ఉన్నాను. ఇళ్లల్లో పనిచేసే స్త్రీల పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్ల చేత 'మా ఇల్లు', 'మా అమ్మ' అని రాయిస్తారు. మంచి పనే. ఒక అమ్మాయి "నాయిన తాగొచ్చి అమ్మను కొట్టిండు" అని రాస్తుంది. దిద్దే చేతుల్లో అది "నాన్నగారు మద్యం సేవించి అమ్మగారిపై చేయి చేసుకున్నారు" అవుతుంది. ఆ తర్వాత సంస్థ నివేదికలో 'మా సెంటరు బాలిక' రాతగా అచ్చవుతుంది. ఆ పిల్లకు తన మాట మిగలదు, పేరు మిగలదు, కాగితం కూడా తిరిగిరాదు.

1855లో పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తాబాయి, మాంగ్ కులపు అమ్మాయి, పదిహేనేళ్లయినా నిండనిది, మాంగ్, మహార్ల కష్టాల మీద వ్యాసం రాసింది. వేదాలు మావి కానప్పుడు మా మతమేదని నిలదీసింది. 'జ్ఞానోదయ' పత్రికలో అది అచ్చయింది. ఉస్మానియా క్యాంపస్‌లో ఏళ్ల తరబడి నడిచిన అన్వేషి వ్యవస్థాపక సభ్యులు సూసీ తారు, కె. లలిత 1991లో తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో ఆ వ్యాసాన్ని చేర్చారు. 'బడిలోని ఒక బాలిక' అని వేసి ఉంటే ముక్తాబాయి మనకు దొరికేదా?

"రెండక్షరాలు రాయడమే గొప్ప, హక్కులెందుకు?" అంటారు కొందరు. 1957 కాపీరైట్ చట్టం రచయితనే తొలి హక్కుదారుగా గుర్తిస్తుంది. రచయితకు ఇన్నేళ్లు నిండాలని ఎక్కడా అనదు. భారతదేశం 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణం పిల్లల భావప్రకటనా స్వేచ్ఛను ఒప్పుకుంది.

కాబట్టి మనం చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. అచ్చు వెయ్యాలంటే ముందు ఆ పిల్లను అడగాలి, తర్వాత తల్లిదండ్రులను. వద్దంటే మానుకోవాలి. ఆమె యాసను ముట్టుకోకూడదు. అసలు కాగితం, అచ్చయిన ప్రతి ఆమె చేతికివ్వాలి. తన మీద జరిగిన లైంగిక హింస గురించి రాస్తే మాత్రం పేరు బయటపెట్టకూడదు. 2012 పోక్సో చట్టం పిల్లల గుర్తింపును కాపాడమంటోంది. అప్పుడూ ఆ రాత ఆమెదే. ఎవరికి చూపించాలో ఆమే చెప్పాలి.

స్త్రీ రాస్తే వెనక ఎవరో మగవాడు రాసిచ్చాడన్న మాట పడ్డవాళ్లం మనం. మన సెంటర్లలో పిల్లల పేర్లు చెరిగిపోతుంటే ఊరుకోవడం మనకు తగదు.