మొగుడికి తెలియని ఓటు

2024 అమెరికా అధ్యక్ష ఎన్నికలు మరి కొద్ది రోజుల్లో ఉన్నాయనగా ఒక ప్రచార చిత్రం జనంలోకి వచ్చింది. భార్యాభర్తలు కలిసి పోలింగు కేంద్రానికి వస్తారు. ఓటు వేసే చోట ఆమె ఒక్కతే నిలబడుతుంది. ఎదురుగా ఉన్న మరో స్త్రీ వంక ఒక చూపు చూసి కమలా హారిస్‌కు ఓటు వేస్తుంది. బయటికొచ్చాక భర్త, సరైనదే ఎంచుకున్నావా అని అడుగుతాడు. ఆమె నవ్వి అవునంటుంది. ఇక్కడ మీ ఇష్టం వచ్చినట్టు ఓటు వేయొచ్చు, ఎవరికీ తెలియదు అని నటి జూలియా రాబర్ట్స్ గొంతు వెనకనుంచి చెబుతుంది. తీసింది వోట్ కామన్ గుడ్ అనే క్రైస్తవ ఉదారవాద బృందం.

ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాత జెస్సీ వాటర్స్ దీని మీద విరుచుకుపడ్డాడు. తన భార్య చాటుగా హారిస్‌కు ఓటేస్తే అది పరాయి మగవాడితో సంబంధం పెట్టుకోవడంతో సమానమన్నాడు. భార్య శరీరం మీద, శ్రమ మీద చాలదన్నట్టు ఆమె ఓటు మీద కూడా మొగుడికి దాంపత్య హక్కు ఉందన్నమాట! ఈ మాటకు జవాబు చెప్పడం కష్టం కాదు, చాలామంది చెప్పారు కూడా. మనం తీరిగ్గా ఆలోచించవలసింది ఆ చిత్రం తీసినవాళ్ల గురించి.

రహస్య ఓటు చిన్న విషయమని నేననడం లేదు. ఇంట్లో నోరెత్తలేని స్త్రీకి ఆ చాటు దొరకడం నిస్సందేహంగా ఒక హక్కే. అయితే ఆ ఇంట్లో ఏం జరుగుతున్నదో ప్రచారం చేసేవాళ్లకు తెలుసు. ఆమె భయపడుతున్నదనీ తెలుసు, తెలుసు కనుకే ఆ చిత్రం తీశారు. అంత తెలిసీ ఆమెకిచ్చిన సలహా ఏమిటి? ఓటు మాకు వెయ్యి, ఇంటికెళ్లి అబద్ధం చెప్పు. భయాన్ని ఆమె దగ్గరే వదిలేసి ఓటును మాత్రం పట్టుకుపోయే ఈ పద్ధతికి స్త్రీల చైతన్యమని పేరు పెట్టడం ఎంతవరకు న్యాయం?

అవతలి పక్షం నిజాయితీ మరో రకం. ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్, పిల్లలు లేని పిల్లుల పెంపకందార్లు దేశాన్ని నడుపుతున్నారని 2021లో అన్న మాట 2024 జూలైలో మళ్లీ పైకొచ్చింది. కన్నదాన్ని బట్టి స్త్రీకి పౌరసత్వం కొలిచే ఈ బుద్ధిని ఆయన భార్య ఉషా చిలుకూరి వాన్స్ టీవీలో సరదా చమత్కారంగా సర్దిచెప్పింది. ఆమె తలిదండ్రులు తెలుగువాళ్లు. మన పత్రికలు ఆంధ్రా అల్లుడని మురిసిపోయాయి, పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో పూజలు చేశారు. తమిళనాట తులసేంద్రపురంలో హారిస్ కోసం చేసిన పూజలూ ఇలాంటివే. రెండు ఊళ్లవాళ్లూ రక్తసంబంధానికి హారతి పట్టారు, విధానాల ఊసు ఎవరికీ పట్టలేదు. ఇక అక్టోబరు 30న గ్రీన్‌బేలో ట్రంప్, స్త్రీలకు ఇష్టమున్నా లేకపోయినా వాళ్లను తాను రక్షిస్తానన్నాడు. ఆయన నియమించిన ముగ్గురు న్యాయమూర్తుల బలంతోనే సుప్రీంకోర్టు 2022 జూన్ 24న గర్భస్రావ హక్కును రాజ్యాంగం నుంచి తీసేసింది. రక్షణ అంటే ఏమిటో అమెరికా స్త్రీలకు అప్పటికే తెలుసు. కనుక రెండు పక్షాలూ ఒకటేనని నేనెక్కడా అనడం లేదు.

అనేది ఇది. స్త్రీల కోసం వెతుక్కుంటూ వెళ్లిన డెమోక్రాటిక్ పార్టీ ఏ ఇంటి తలుపు తట్టింది? అక్టోబరులో హారిస్ పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్‌లలో లిజ్ చెనీని పక్కన కూర్చోబెట్టుకుని సభలు పెట్టింది. ప్రతినిధుల సభలో ఉన్నంతకాలం గర్భస్రావ హక్కుకు వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ నాయకురాలు ఆమె. నగర శివార్లలో ఉండే, భర్తలు రిపబ్లికన్లయిన తెల్ల మధ్యతరగతి స్త్రీలు తమవైపు వస్తారన్న లెక్క అది. నల్లజాతి స్త్రీల ఓట్లు ఎటూ తమవే కదా, వాళ్లను కొత్తగా ఒప్పించేదేముంది! వాళ్లకు ప్రచారం అప్పగించారు, తలుపులు తట్టే పని, ఫోన్లు చేసే పని అప్పగించారు. ఇంటిచాకిరీ చేసే మనిషికి భోజనాల బల్ల దగ్గర కుర్చీ గుర్తురాకపోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఫలితాలు చూస్తే, పోలింగు రోజు సర్వేల ప్రకారం నల్లజాతి స్త్రీలు పదిమందిలో తొమ్మండుగురు హారిస్‌కే వేశారు. తెల్ల స్త్రీలలో సగానికి పైగా ట్రంప్‌కు వేశారు.

నల్లజాతి మగవాళ్లకు మరో రకం మర్యాద జరిగింది. అక్టోబరు 10న పిట్స్‌బర్గ్‌లో ఒబామా వాళ్లను నిలబెట్టి, స్త్రీ అధ్యక్షురాలవడం మీకు గిట్టడం లేదా అని మందలించాడు. వాళ్లలో పితృస్వామ్య భావాలు లేవని కాదు. ఓటు అడగడానికి వచ్చినవాడు ముందు అద్దెల గురించి, జీతాల గురించి అడగాలి గదా.

జీతాల దగ్గరికే వద్దాం. హోటళ్లలో వడ్డించే పనిలో అత్యధికులు స్త్రీలు. టిప్పుల మీద బతికే కార్మికులకు యజమాని ఇవ్వవలసిన కనీస వేతనం సమాఖ్య చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచీ అంతే. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు కూడా 2009 నుంచి కదల్లేదు. జీతం యజమాని చేతిలోనుంచి కాక గిరాకీ చేతిలోనుంచి వచ్చే ఆడమనిషి పరిస్థితి ఊహించండి. వెకిలి మాటకు నవ్వాలి, నడుము మీద పడిన చేతిని తోసేసేముందు ఇంటి అద్దె గుర్తుతెచ్చుకోవాలి. ఈ స్త్రీలకు ఇద్దరు అభ్యర్థులు చేసిన వాగ్దానం ఒకటే: టిప్పులపై పన్ను తీసేస్తాం. జూన్‌లో ట్రంప్ లాస్ వేగస్‌లో ఈ మాటన్నాడు, ఆగస్టులో అదే ఊళ్లో హారిస్ అన్నది. ఆమె కనీస వేతనం పెంచుతానని కూడా అన్న మాట నిజమే, కానీ చప్పట్లు పడింది పన్ను మాటకే. ఈ కార్మికుల్లో చాలామందికి ఆదాయపు పన్ను కట్టేంత ఆదాయమే లేదు. తమాషా ఏమిటంటే లాస్ వేగస్ ఉన్న నెవాడాలో టిప్పుల కార్మికులకు వేరే తక్కువ వేతనం అసలు లేదు, 2.13 బాధ అక్కడిది కాదు.

హారిస్ చెప్పిన మంచి మాట ఒకటుంది, దాన్ని ఎవరూ వినలేదు. ముసలివాళ్లకు ఇంట్లోనే సేవలందేలా మెడికేర్ ఖర్చు భరిస్తుందని అక్టోబరు 8న ‘ద వ్యూ’ అనే టీవీ కార్యక్రమంలో ప్రకటించింది. తల్లిదండ్రుల్నీ అత్తమామల్నీ మంచాల మీద చూసుకుంటూ ఉద్యోగాలు వదులుకునే స్త్రీల శ్రమను ప్రభుత్వం లెక్కలోకి తెచ్చే ఆలోచన అది. స్త్రీవాదులు దశాబ్దాలుగా అడుగుతున్నది. అదే కార్యక్రమంలో, బైడెన్‌కు భిన్నంగా మీరేం చేసి ఉండేవారని అడిగితే, ఏదీ తట్టడం లేదన్నది. ట్రంప్ మనుషులు ఆ ఒక్క వాక్యాన్ని కత్తిరించి ప్రచారంగా తిప్పారు. డెమోక్రాట్లు ఆ వాక్యాన్ని సమర్థించుకునే పనిలో పడ్డారు. మంచం పక్కన కూర్చున్న స్త్రీని ఇద్దరూ మర్చిపోయారు.

ఇలా రాస్తే వెంటనే వచ్చే మాట నాకు తెలుసు. ఇప్పుడు విమర్శిస్తే ట్రంప్ గెలుస్తాడు. ఆగస్టు 7న డెట్రాయిట్ సభలో గాజా గురించి నినాదాలిచ్చినవాళ్లతో హారిస్ అన్నదీ ఇదే: ట్రంప్ గెలవాలనుకుంటే ఆ మాటే చెప్పండి, లేకపోతే నేను మాట్లాడుతున్నాను. సభ హోరెత్తింది. అంతకుముందు ఫిబ్రవరిలో అదే మిషిగన్‌లో లక్షమందికి పైగా పార్టీ ఓటర్లు ఎవరికీ కాదని ఓటేసి తమ మాట చెప్పారు. షికాగో మహాసభలో ఒక్క పాలస్తీనా అమెరికన్‌కు మాట్లాడే అవకాశమడిగితే పార్టీ ఇవ్వలేదు. విమర్శకులు నోరు మూసుకున్నందువల్ల గెలిచిందా అంటే, ట్రంప్‌కు 312 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి, మిషిగన్ కూడా ఆయనకే పోయింది. విమర్శ ఓటమికి కారణమన్నవాళ్లు విమర్శను వినకపోవడం గురించి ఎందుకు మాట్లాడరు?

ఓటే లేనివాళ్ల గురించి ఒక మాట. భర్త ఉద్యోగ వీసా నీడలో హెచ్-4 మీద వెళ్లిన తెలుగు ఆడవాళ్లు అక్కడ ఎందరో. వాళ్లలో కొందరికి పనిచేసుకునే అనుమతి 2015లో ఒబామా హయాంలో దొరికింది. తీసేస్తామని ట్రంప్ మొదటి ప్రభుత్వం ప్రకటించింది, తీసేయలేకపోయింది. చదువుకుని, ఉద్యోగం వదులుకుని వెళ్లి, వంటింట్లో కూర్చున్న ఈ స్త్రీలు ఏ పార్టీ జాబితాలోనూ లేరు. గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డవాళ్ల కోసం జూలియా రాబర్ట్స్ మాట్లాడదు.

అదే నవంబరు 5న 10 రాష్ట్రాల్లో గర్భస్రావ హక్కు మీద విడిగా ఓటింగు జరిగింది. 7 చోట్ల హక్కు గెలిచింది. ఫ్లోరిడాలో 57 శాతం మంది హక్కు కావాలన్నా, 60 శాతం రావాలన్న నిబంధనవల్ల ఓడిపోయింది. మిస్సోరీ, అరిజోనా, మొంటానా, నెవాడాలలో ఒకే బ్యాలెట్ మీద ట్రంప్ గెలిచాడు, గర్భస్రావ హక్కూ గెలిచింది. ఈ ఓటర్లను రెండు నాలుకలవాళ్లని తిట్టినవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఆ ప్రశ్న పార్టీ పేరు లేకుండా అడిగినప్పుడు, సంతకాలు పట్టుకుని ఊరూరా తిరిగిన స్త్రీలు అడిగినప్పుడు, జనం సూటిగా జవాబిచ్చారు.

2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టంలో టిప్పుల పన్ను రాయితీ వచ్చింది, 2028 వరకే. అమెరికాలో పదింట నాలుగు కాన్పుల ఖర్చు భరించే మెడికెయిడ్‌కు అదే చట్టం కోత పెట్టింది, ప్లాన్డ్ పేరెంట్‌హుడ్‌కు మెడికెయిడ్ డబ్బు ఏడాదిపాటు ఆపేసింది. 2.13 డాలర్ల జోలికి పోలేదు. అంతకు రెండు నెలల ముందే, మేలో, మిస్సోరీ శాసనసభ గర్భస్రావ హక్కును మళ్లీ తీసేసే సవరణను 2026 నవంబరు బ్యాలెట్ మీదికి పంపింది. సంతకాలు పట్టుకుని తిరిగిన స్త్రీలకు పని మళ్లీ మొదటికొచ్చింది.